సంఘ కంప్యూటరులో తాత్కాలిక ఫైళ్లు: ఏవి తీసివేయాలి, ఏవి ముట్టరాదు

(గ్రామ పాల ఉత్పత్తిదారుల సహకార సంఘాల పాలకవర్గ సభ్యులు, కార్యదర్శులు, పాలు పోసే సభ్యులు కలిసి హాజరైన శిక్షణ తరగతిలో సమాఖ్య కంప్యూటరు విభాగం తరఫున చేసిన ప్రసంగ పాఠం.)



ఈ తరగతికి రమ్మని పిలిచినప్పుడు కొందరు సభ్యులు మమ్మల్ని ఒక మాట అడిగారు. "గేదె చూడి కట్టకపోతే ఏం చేయాలో చెబుతామంటే వస్తాం. కంప్యూటరులో ఫైళ్ల సంగతి కార్యదర్శి గారికి చెప్పుకోండి. దానితో మాకేం పని?" అన్నారు. న్యాయమైన ప్రశ్నే. దానికి జవాబు చెప్పి మొదలుపెడతాం.

ఒకప్పుడు కేంద్రంలో పాలు పోస్తే టెస్టరు నమూనా పట్టి, బ్యుటిరోమీటరులో ఆమ్లమూ పాలూ పోసి, యంత్రంలో తిప్పి, వెన్న శాతం చూసి రిజిస్టరులో వ్రాసేవాడు. ఆ అంకె మీ కంటికి కనబడేది. అనుమానం వస్తే పేజీ తిప్పి చూడమని అడిగే హక్కు మీకుండేది. ఇప్పుడు చాలా కేంద్రాల్లో తూకం యంత్రం చెప్పిన బరువు, ఎనలైజరు చెప్పిన ఫ్యాటు, ఎస్.ఎన్.ఎఫ్. తీగ వెంట నేరుగా కంప్యూటరులోకి పోతున్నాయి. మీ చేతికి వచ్చేది ఒక చిన్న చీటీ. పదిహేను రోజులు, ముప్పై పూటలు మీరు పోసిన పాలకు అసలు సాక్ష్యం ఆ పెట్టెలోని ఫైళ్లలో ఉన్నది. ఆ పెట్టెను ఎవరు శుభ్రం చేస్తున్నారు, ఏది ఉంచి ఏది పారవేస్తున్నారు అన్నది కార్యదర్శి ఒక్కరి విషయం కాదు, సంఘం మొత్తానికి సంబంధించిన విషయం. ఈ సంగతి మేము పుస్తకం చదివి తెలుసుకోలేదు. ఒక సంఘంలో జరిగిన నష్టం చూసి తెలుసుకున్నాం. ఆ కథ కాసేపట్లో మనవి చేస్తాం.

పలక, రిజిస్టరు

ముందుగా తాత్కాలిక ఫైలు అంటే ఏమిటో చూద్దాం. పొద్దుటి రద్దీలో టెస్టరు అంకెలను ముందు పలక మీద వేసుకుని, జనం తగ్గాక తీరికగా రిజిస్టరులోకి ఎక్కించడం మీలో పెద్దవారు చూసే ఉంటారు. ఎక్కించిన తరవాత పలక తుడిచేసేవాడు. పలక మీది అంకె ఆ గంటకు సంబంధించినది. రిజిస్టరులోని అంకె సంఘానికి సంబంధించినది.

కంప్యూటరు చేసేదీ ఇదే. బిల్లు అచ్చు వేయమంటే, ముందు అచ్చుకు తగిన రూపంలో ఒక ఫైలు తయారు చేసుకుని ప్రింటరుకు పంపుతుంది. యూనియను పంపిన కట్టకట్టిన ఫైలు విప్పమంటే, లోపలి కాగితాలు పరచుకోవడానికి కొంత చోటు తీసుకుంటుంది. ప్రోగ్రాముకు కొత్త మార్పులు తెచ్చుకునేటప్పుడు దించుకున్న సామాను ఒకచోట పెట్టుకుంటుంది. పని పూర్తయ్యాక వీటి అవసరం ఉండదు. ఇవన్నీ పలక మీది అంకెలు. వీటినే తాత్కాలిక ఫైళ్లు అంటాం.

ఫైలు ఒక కాగితం అనుకుంటే, కాగితాలు ఉంచే అర డైరెక్టరీ. ఫోల్డరు అన్నా అదే. పలక మీది అంకెల కోసం ప్రతి కంప్యూటరులోనూ ప్రత్యేకమైన అర ఉంటుంది. మన సంఘాల్లో ఎక్కువగా ఉన్న విండోస్ యంత్రాల్లో దాని పేరు టెంప్. ప్రతి వాడకందారుకూ విడిగా ఒకటి ఉంటుంది. విండోస్ మీటను, ఆర్ మీటను కలిపి నొక్కి, వచ్చిన పెట్టెలో టెంప్ అనే ఇంగ్లీషు మాటకు ముందొకటి, వెనకొకటి శాతం గుర్తు పెట్టి ఎంటర్ కొడితే ఆ అర తెరుచుకుంటుంది. తెరిచి చూడటంలో తప్పు లేదు. చాలామంది కార్యదర్శులు మొదటిసారి చూసినప్పుడు వేల ఫైళ్లు కనబడి ఆశ్చర్యపోయారు.

పెద్ద కార్యాలయాల్లో వాడే లైనక్సు యంత్రాల్లో ఇలాంటి అరలు రెండు ఉంటాయి. మొదటిది చాలా యంత్రాల్లో ఆపి మళ్లీ వేస్తే ఖాళీ అవుతుంది. రెండవది ఆపి వేసినా నిలిచి ఉంటుంది. ఒకటి పూటకు సరిపడే పలక అయితే, మరొకటి నెలకు సరిపడే చిత్తు పుస్తకం అన్నమాట. రెండూ చిత్తే. కాని గడువులు వేరు. ఈ గడువు అనే మాటను గుర్తుంచుకోండి. మళ్లీ దాని దగ్గరకు వస్తాం.

చెత్త ఎందుకు పేరుకుంటుంది

మంచి ప్రోగ్రాము తాను వాడిన పలక తానే తుడుస్తుంది. మరి వేల ఫైళ్లు ఎందుకు మిగులుతాయి? తుడిచే లోపల పని ఆగిపోవడం వల్ల. కరెంటు పోతుంది. బ్యాటరీ అయిపోతుంది. ఎవరో మూసే పద్ధతిలో మూయకుండా మీట కట్టేస్తారు. అప్పుడు తుడవవలసిన పలక తుడవకుండానే మిగిలిపోతుంది. కొన్ని ప్రోగ్రాములకు అసలు తుడిచే అలవాటే ఉండదు.

ఇలా మిగిలిన ఫైళ్లు డిస్కులో చోటు తింటాయి. డిస్కు నిండితే ఏమవుతుంది? కొత్త అంకె వ్రాయడానికి చోటుండదు. బిల్లు సగంలో ఆగుతుంది. చీటీ రాదు. క్యూలో పాలు పట్టుకున్న వారు నిలబడే ఉంటారు. వేసవిలో ఆ అరగంట ఆలస్యానికి పాలు ఏమవుతాయో మేము మీకు చెప్పనక్కరలేదు. అందుచేత శుభ్రం చేయాలి. అందులో సందేహం లేదు. శుభ్రం చేయకపోవడం ఒక తప్పు. తెలియకుండా శుభ్రం చేయడం అంతకంటే పెద్ద తప్పు. ఆ రెండవ తప్పు గురించే ఇప్పుడు చెబుతాం.

ఒక సంఘంలో జరిగినది

సంఘం పేరు చెప్పం. పేరుతో పని లేదు. వంద పైచిలుకు సభ్యులున్న సంఘం. లెక్కలు సక్రమంగా ఉన్న సంఘం. ఒక సాయంత్రం పాలు పోస్తుండగా కరెంటు పోయింది. బ్యాటరీ పాతది, కొద్ది నిమిషాలకే చేతులెత్తేసింది. మిగిలిన వారి పాలు చేతితో తూచి కాగితం మీద వ్రాసుకున్నారు. మరునాడు పొద్దున కంప్యూటరు వేస్తే డిస్కులో చోటు తక్కువగా ఉన్నదని సూచన వచ్చింది. బిల్లుకు ఇంకా మూడు రోజులున్నది.

కేంద్రంలో సాయం చేసే కుర్రవాడు చురుకైనవాడు. "తాత్కాలిక ఫైళ్లు తీసేస్తే సరిపోతుంది" అన్నాడు. టెంప్ అర తెరిచి పాత ఫైళ్లు తీసేశాడు. అంతవరకు తప్పు లేదు. అక్కడితో ఆగకుండా పాల లెక్కల ప్రోగ్రాము ఉన్న అరలోకి వెళ్లాడు. అక్కడ లెక్కల ఫైలు పక్కనే, అదే పేరుకు చివర జర్నల్ అని తోక ఉన్న మరొక ఫైలు కనబడింది. నిన్న కరెంటు పోయిన సమయమే దాని మీద ఉన్నది. ఇదీ నిన్నటి చెత్తే అనుకున్నాడు. తీసేశాడు. తరవాత ప్రోగ్రాము తెరిస్తే డేటాబేసు పాడైనదని చెప్పి ఆగిపోయింది.

ఆ ఫైలు ఏమిటో చెప్పాలి. ఆ ప్రోగ్రాము లెక్కలు దాచుకునేది ఎస్‌క్యూలైట్ అనే డేటాబేసులో. ఇది 2000లో మొదలైన ఉచిత డేటాబేసు. మీ జేబులోని స్మార్ట్ ఫోనులో కూడా ఉన్నది. దాని పద్ధతి చాలా జాగ్రత్తగలది. రిజిస్టరులో ఒక పేజీ దిద్దే ముందు, ఆ పేజీ పాత రూపాన్ని ఒక చీటీ మీద వ్రాసి పక్కన పెట్టుకుంటుంది. తరవాత రిజిస్టరు దిద్దుతుంది. దిద్దడం పూర్తయ్యాక చీటీ చింపేస్తుంది. సగం దిద్దగానే దీపం ఆరిపోయిందనుకోండి. మరునాడు వచ్చి చూస్తే చీటీ ఇంకా ఉన్నది. అంటే నిన్న పని పూర్తి కాలేదు. అప్పుడు చీటీలో ఉన్న పాత అంకెలు తిరిగి రిజిస్టరులో వేసి, లెక్కను సరైన స్థితికి తెస్తుంది. ఆ చీటీయే జర్నల్ ఫైలు. మామూలు రోజుల్లో అది పలక మీది అంకె. కరెంటు పోయిన మరునాడు రిజిస్టరును బతికించే మందు. ఆ మందు సీసానే మన కుర్రవాడు పారవేశాడు. రిజిస్టరులో కొన్ని పేజీలు కొత్తవి, కొన్ని పేజీలు పాతవి, సగం దిద్దినవి మిగిలాయి.

ఇదే డేటాబేసులో మరొక పద్ధతి కూడా ఉన్నది. అందులో కొత్త లెక్కలు ముందు పక్క ఫైలులో చేరి, తరవాత అసలు ఫైలులోకి ఎక్కుతాయి. ఆ పక్క ఫైలు తీసేస్తే కొత్త లెక్కలే పోతాయి. ఏ పద్ధతి అయినా నేర్చుకోవలసినది ఒకటే. అసలు ఫైలు పక్కన కూర్చున్న ఫైలు చెత్త కాదు.

ఆ సంఘంలో నకలు తీసి పెట్టినది కిందటి బిల్లు రోజున. అంటే పన్నెండు రోజుల లెక్క చేతిలో లేదు. రోజువారీ మొత్తం తప్ప సభ్యుల వారీ లెక్క యూనియనుకు వెళ్లే ఏర్పాటు అక్కడ అప్పటికి లేదు. కాబట్టి యూనియను దగ్గర మొత్తం పాలెన్నో, వెన్న ఎంతో ఉన్నది. సంఘానికి రావలసిన డబ్బులో పైసా తగ్గలేదు. ఆ డబ్బులో ఎవరిది ఎంత అన్నదే పోయింది.

మేము వెళ్లి మూడు రోజులు కూర్చున్నాం. ఎవరి దగ్గర చీటీలున్నాయో తెమ్మన్నాం. ఒక పెద్దాయన అన్నీ తీగకు గుచ్చి తెచ్చాడు. ఆయన లెక్క పది నిమిషాల్లో తేలింది. కొందరి చీటీలు చొక్కా జేబులో తడిసిపోయాయి. కొన్ని ఎండకు వెలిసి తెల్లకాగితాలయ్యాయి. వేడి మీద అచ్చుపడే ఆ కాగితానికి వెలిసిపోయే గుణం ఉన్నది. చీటీలు లేని వారికి కిందటి బిల్లు సగటు ప్రకారం ఇద్దామని సభ్యులందరూ కూర్చుని ఒప్పుకున్నారు. చాలామందికి అది ఇంచుమించు సరిపోయింది.

ఒక్క సభ్యురాలికి సరిపోలేదు. ఆమె గేదె అంతకు కొన్ని రోజుల ముందే ఈనింది. జున్నుపాల రోజులు పోయాక, సరిగ్గా ఆ పన్నెండు రోజుల్లోనే ఆమె పాలు పెరిగాయి. కిందటి బిల్లులో ఆమెకున్నది ఒక వట్టిపోతున్న ఆవు లెక్క మాత్రమే. చీటీలు దాచలేదు. రెండు పూటలా నిండు క్యాను తెచ్చిందని ఇరుగుపొరుగు వారు సాక్ష్యం చెప్పారు. పాలకవర్గం కొంత కలిపింది. కాని ఎన్ని లీటర్లో, ఎంత ఫ్యాటో ఎవరూ ఖచ్చితంగా చెప్పలేకపోయారు. "పాలు పోశాను గదయ్యా, నేను పోగొట్టింది కాగితమే గదా" అన్నది ఆమె. ఆ మాటకు మా దగ్గర జవాబు లేకపోయింది.

కుర్రవాడిని పనిలో నుంచి తీసేయాలని కొందరన్నారు. వద్దని మేమే చెప్పాం. ఎందుకంటే అంతకు ముందు ఏడాది తరగతిలో మేము చెప్పిన మాట అతను పాటించాడు. "యంత్రం నెమ్మదిస్తే తాత్కాలిక ఫైళ్లు తీసేయండి" అని ఒక్క వాక్యం చెప్పి వదిలేశాం. ఏ అరలోవి, ఎన్ని రోజులు దాటినవి, ఏ పని తరవాత అన్నది చెప్పలేదు. తప్పులో మా వాటా ఉన్నది. అందుకే ఈసారి పూర్తిగా చెబుతున్నాం.

పేరు చూసి తీర్పు చెప్పరాదు

ఇక్కడ ఒక చిన్న సంగతి. ఈ ఎస్‌క్యూలైట్ తన తాత్కాలిక ఫైళ్లకు మొదట్లో తన పేరే ముందు పెట్టుకునేది. ఒక వైరస్ నిరోధక ప్రోగ్రాము దీన్ని వాడుకుంటూ, జనం కంప్యూటర్లలో టెంప్ అరనిండా ఆ పేరుతో ఫైళ్లు వదిలింది. చూసినవారికి కోపం వచ్చింది. ఆ పేరు ఎవరిదా అని వెతికి, డేటాబేసు వ్రాసినవారి ఫోను నంబరు పట్టుకుని అర్ధరాత్రి లేపి తిట్టడం మొదలుపెట్టారు. వారు 2006లో ఒక ఉపాయం చేశారు. పేరులోని అక్షరాలను వెనక నుంచి ముందుకు తిప్పి పెట్టారు. ఆ తరవాత ఎవరికీ అర్థం కాలేదు. వారు వ్రాసిన ప్రోగ్రాములోనే ఈ కారణం వ్రాసి ఉన్నది.

నవ్వుకునే కథే గాని అందులో బుద్ధి ఉన్నది. ఫైలు మీది పేరు చూసి అది ఎవరిదో, పనికివస్తుందో లేదో తేల్చలేం. వింత పేరున్నది ముఖ్యమైనది కావచ్చు. పెద్ద పేరున్నది చెత్త కావచ్చు. పేరు చూడకండి. మూడు సంగతులు చూడండి. ఏ అరలో ఉన్నది? ఎన్నాళ్లైంది? ఎవరిది?

మేము చెప్పే పద్ధతి

మొదటిది, వరుస. కరెంటు పోయి యంత్రం అకస్మాత్తుగా ఆగితే, మరునాడు మొదటి పని శుభ్రం చేయడం కాదు. ముందు పాల లెక్కల ప్రోగ్రాము తెరవండి. దాని మరమ్మతు దాన్ని చేసుకోనివ్వండి. నిన్నటి పూట లెక్క తెర మీద చూడండి. చేతితో వ్రాసినవి ఎక్కించండి. లెక్క మొత్తం పెన్‌డ్రైవులోకి నకలు తీయండి. నకలు కూడా ప్రోగ్రాములో ఇచ్చిన బ్యాకప్ మీట నొక్కి తీయాలి గాని, పని జరుగుతుండగా ఫైలును చేత్తో లాగి తీయరాదు. ఆ తరవాతనే చీపురు పట్టండి.

రెండవది, చోటు. శుభ్రం చేయవలసినది టెంప్ అరను మాత్రమే. లెక్కల ప్రోగ్రాము ఉన్న అరలో మీ అంతట మీరు ఒక్క ఫైలు కూడా తీయవద్దు. అక్కడ చోటు ఎక్కువ తింటున్నదని అనుమానం ఉంటే మాకు ఫోను చేయండి.

మూడవది, పనిముట్టు. చేతితో ఏరి తీసేకంటే యంత్రంలో ఉన్న పద్ధతినే వాడండి. విండోస్‌లో సెట్టింగ్స్, సిస్టమ్, స్టోరేజ్ అనే వరుసలో వెళ్తే టెంపరరీ ఫైల్స్ అనే జాబితా వస్తుంది. అందులో ఏది తీయాలో గుర్తు పెట్టి తీయవచ్చు. ఒక హెచ్చరిక. ఆ జాబితాలో డౌన్‌లోడ్స్ అనే వరుస కూడా కనబడుతుంది. యూనియను పంపిన రేటు పట్టికలు, దాణా లెక్కలు చాలామంది అక్కడే వదిలేస్తారు. దానికి గుర్తు పెట్టకండి. పని తేలికవుతుందని అన్నింటికీ గుర్తు పెట్టేవారు పెన్నిధి పారేసుకుంటారు. ఏదైనా ఫైలు వాడకంలో ఉన్నది, తీయలేను అని యంత్రం చెబితే బలవంతం చేయవద్దు. వదిలేయండి. పాలు పట్టుకున్న క్యానును ఎవరూ లాక్కోరు.

నాలుగవది, గడువు. ఇందాక గుర్తుంచుకోమన్న మాట ఇదే. తాత్కాలికం అన్నంత మాత్రాన ఈ క్షణమే పారవేయాలని కాదు. ఎంతకాలం తరవాత పనికిరానిదవుతుందో ముందే తేల్చుకోవాలి. విండోస్‌లోని డిస్క్ క్లీనప్ అనే పాత పనిముట్టు వారం నిండని తాత్కాలిక ఫైళ్ల జోలికి పోదు. నేటి లైనక్సు యంత్రాల్లో చాలావాటికి మామూలు నియమం, మొదటి అరలో పది రోజులు, రెండవ అరలో ముప్పై రోజులు ఎవరూ ముట్టని ఫైలును తీసివేయడం. యంత్రాలు చేసినవారే ఇంత ఓపిక పట్టారు. మనకు తొందరెందుకు? మన సంఘాలకు మేము సూచించేది, బిల్లు పంచి, అందరూ సరిపోయిందన్న మరునాడు శుభ్రం చేయడం. బిల్లుకు ముందు మూడు రోజులు డిస్కులో ఏదీ తీయరాదు.

అయిదవది, దాచరాదు. పలక మీద ఎవరూ భూమి దస్తావేజు వ్రాయరు. అలాగే టెంప్ అరలో విలువైనది ఉంచరాదు. తెలియకుండానే ఇది జరుగుతుంది. ఈ-మెయిలులో వచ్చిన పట్టికను అక్కడికక్కడే తెరిచి, గంటసేపు అంకెలు నింపి, సేవ్ అని నొక్కుతారు. అది టెంప్ అరలో సేవ్ కావచ్చు. మరునాడు వెతికితే కనబడదు. కట్టకట్టిన ఫైలును విప్పకుండా లోపలిది తెరిచి దిద్దినా ఇంతే. కాబట్టి ముందు సంఘం పేరుతో ఉన్న అరలోకి దించుకోండి. అక్కడ తెరవండి. ఆ తరవాత దిద్దండి.

ఉమ్మడి అర మర్యాద

ఇక ఎవరిది అన్న ప్రశ్న. యూనిక్సు అనే వ్యవస్థ ఉన్న పెద్ద యంత్రాల్లో ఒకే కంప్యూటరు మీద చాలామంది పనిచేసేవారు. తాత్కాలిక అర అందరికీ ఒక్కటే. ఎవరైనా పెట్టవచ్చు. అయితే ఎవరైనా తీయవచ్చు కూడా. ఒకరి ఫైలు మరొకరు తీసేసే అవకాశం ఉండేది. 1986లో బర్క్లీ విశ్వవిద్యాలయం నుంచి వచ్చిన యూనిక్సులో దీనికొక కట్టుబాటు చేర్చారు. ఉమ్మడి అరలో ఎవరైనా తమ ఫైలు పెట్టవచ్చు. తీయడానికి మాత్రం పెట్టినవారికి, అరకు యజమాని అయినవారికి, యంత్రం పెద్దకు తప్ప అధికారం లేదు. నేటి లైనక్సులోనూ ఇదే నియమం నడుస్తున్నది.

ఈ నియమం మనకు కొత్తది కాదు. శీతలీకరణ కేంద్రం ఆవరణలో అన్ని సంఘాల క్యాన్లూ ఒక్కచోటే ఉండేవి. ఒక్కొక్కదాని మీద సంఘం నంబరు ఉండేది. మన క్యాను మనం తెచ్చుకుంటాం. పక్క సంఘం క్యాను ఖాళీగా కనబడినా ముట్టం. సంఘ కంప్యూటరులోనూ ఈ మర్యాద కావాలి. కార్యదర్శికి ఒక పేరు, సహాయకుడికి ఒక పేరు, విడివిడిగా సంకేతపదాలు ఉండాలి. అందరూ ఒకే పేరుతో లోపలికి వెళితే ఎవరు పెట్టినది ఎవరు తీశారో తేలదు. రేపు మాట వస్తే అమాయకుడి మీద పడుతుంది.

మరొక జాగ్రత్త. బిల్లు డబ్బు నేరుగా బ్యాంకు ఖాతాల్లో పడుతున్నందున, సభ్యుల పేర్లు, ఖాతా నంబర్లు ఉన్న పట్టిక ప్రతి సంఘంలోనూ తయారవుతుంది. సంఘంలో ప్రింటరు చెడిపోయిందని దాన్ని పట్నంలోని జిరాక్సు దుకాణానికి తీసుకువెళ్లి, అక్కడి కంప్యూటరులో తెరుస్తారు. పని అయ్యాక పెన్‌డ్రైవు తెచ్చుకుంటారు. కాని దాని నకలు ఆ యంత్రంలోని టెంప్ అరలోనో, డౌన్‌లోడ్స్ అరలోనో మిగిలిపోవచ్చు. ఊరందరి ఖాతా నంబర్లు దారిలో వదిలి వచ్చినట్టే. వీలైనంతవరకు బయట తెరవకండి. తప్పనిసరైతే పెన్‌డ్రైవు మీదనే తెరిచి, పని అయ్యాక ఆ రెండు అరలూ, చెత్తబుట్టా మీ కళ్లెదుట ఖాళీ చేయించి రండి.

సభ్యులు అడగవలసినవి

ఇంతవరకు చెప్పినది ఎక్కువగా కార్యదర్శుల పని. పాలు పోసే సభ్యులకు మా మనవి నాలుగు ప్రశ్నలు. సర్వసభ్య సమావేశంలో లేచి అడగండి. అడగడం తప్పు కాదు, మీ హక్కు.

ఒకటి, మన కంప్యూటరును శుభ్రం చేసే అధికారం ఎవరికి ఇచ్చారు? ఒక్కరి పేరు తీర్మానంలో ఉండాలి.

రెండు, కిందటిసారి ఎప్పుడు శుభ్రం చేశారు? తేదీ ఒక పుస్తకంలో వ్రాసి సంతకం పెట్టాలి. యంత్రం లోపలి పనికి కాగితం మీద గుర్తు ఉంటే, తేడా వచ్చినప్పుడు ఎక్కడి నుంచి వెతకాలో తెలుస్తుంది.

మూడు, లెక్కల నకలు కిందటిసారి ఎప్పుడు తీశారు, ఎక్కడ ఉంచారు? పదిహేను రోజులకు ఒకసారి చాలదని ఆ సంఘం కథ చెబుతున్నది. రోజూ సాయంత్రం పాలు అయిపోగానే తీయాలి. రెండు నిమిషాల పని. నకలు కంప్యూటరు పక్కనే ఉంచితే లాభం లేదు. మరొక ఇంట ఉండాలి.

నాలుగు, కరెంటు పోతే బ్యాటరీ ఎంతసేపు నిలుస్తుంది? కనీసం వచ్చిన లెక్క ముగించి, యంత్రాన్ని పద్ధతిగా మూసేంతసేపు నిలవాలి. బ్యాటరీ ఖర్చు ఎక్కువని వాయిదా వేసే సంఘాలు ఒక్క బిల్లు తగాదా ఖరీదు లెక్క వేసుకోవాలి.

చివరగా మీ ఇంట్లోని తాత్కాలిక ఫైలు గురించి ఒక మాట. అదే మీ చీటీ. అది శాశ్వతంగా దాచవలసినది కాదు. అలాగని ఇంటికి వెళ్లే దారిలో పారవేయవలసినదీ కాదు. దానికీ ఒక గడువు ఉన్నది. బిల్లు చేతికి వచ్చి, చీటీలతో పోల్చి చూసి, సరిపోయిందనుకునేవరకు తీగకు గుచ్చి, ఎండ తగలని చోట ఉంచండి. ఆ తరవాత నిశ్చింతగా పొయ్యిలో వేయండి. ఆ సంఘంలో పాలు పోసి నష్టపోయిన అక్కకు ఈ మాట ముందే ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేది. ఆమె ఇప్పుడు చీటీలు గుచ్చుతున్నదని, పక్కింటివారి చేత కూడా గుచ్చిస్తున్నదని ఆ ఊరి కార్యదర్శి మాకు చెప్పారు. సంఘంలో నకలు కూడా రోజూ తీస్తున్నారు. తీసేది ఆ కుర్రవాడే.

క్యాను కడగకపోతే రేపటి పాలు విరుగుతాయని మీకు తెలుసు. కడిగే ముందు మూత తీసి, లోపల పాలున్నాయో లేదో చూడాలనీ తెలుసు. కంప్యూటరు విషయంలోనూ మేము కోరేది అంతే. భోజనాల తరవాత ఈ గదిలోనే రెండు కంప్యూటర్లు పెట్టాం. కార్యదర్శులు ఒక్కొక్కరూ వచ్చి టెంప్ అర తెరిచి, మా ఎదుట ఒకసారి శుభ్రం చేసి చూపవలసిందిగా కోరుతున్నాం. సభ్యులు కూడా పక్కన నిలబడి చూడవచ్చు. సందేహం ఉంటే అడగండి.